గుంత సరే, తొట్టి ఏది?

తొలకరి దగ్గరపడితే రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ అధికార యంత్రాంగం నోట వినిపించే మాట ఇంకుడు గుంత. ఆ గుంతల అవసరాన్ని మేము కాదనడం లేదు. బోర్లు వేసి ఇష్టారాజ్యంగా తోడేసిన నేలకు వాననీటిని తిరిగి ఇవ్వాల్సిందే. కానీ వాననీటి సంరక్షణ అంటే గుంత ఒక్కటే అన్నట్టు ఇరవై ఏళ్లకు పైగా సాగుతున్న ఆలోచనలో పెద్ద లోటు ఉంది. ఇంటి కప్పు మీద పడిన వానను పట్టి, తొట్టిలో దాచి, అదే ఇంట్లో వాడుకోవడం మన పెద్దలకు తెలిసిన పద్ధతి. ప్రభుత్వాలు దాన్ని దాదాపు మరిచిపోయాయి. ఈ వానాకాలంలోనైనా గుంతతో పాటు తొట్టిని కూడా పట్టించుకోవాలి.

లెక్క కష్టమైనదేమీ కాదు. చదరపు మీటరు జాగాలో ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీరు. 120 గజాల స్లాబు అంటే సుమారు 100 చదరపు మీటర్లు. హైదరాబాద్‌లో ఏడాదికి సగటున 800 మిల్లీమీటర్ల వరకు వాన పడుతుంది. చింది, ఆవిరై, స్లాబు కడుక్కుని పోయేదాని కింద ఐదో వంతు తీసేసినా ఆ ఒక్క ఇంటి మీద నుంచి 64 వేల లీటర్లు దిగుతాయి. 5 వేల లీటర్ల ట్యాంకర్లతో కొలిస్తే పన్నెండుకు పైనే. ఒక్క పూట 50 మిల్లీమీటర్ల గట్టి వాన పడితే 4 వేల లీటర్లు. ఇవాళ ఆ నీరంతా ఎటు పోతోంది? స్లాబు మూల నుంచి దిగిన గొట్టం నేలకు జానెడు ఎత్తులో ఆగిపోతుంది. అక్కడి నుంచి వీధిలోకి, వీధి నుంచి నాలాలోకి, నాలా నుంచి మూసీలోకి. అదే ఇంటివాళ్లు ఎండాకాలం రాగానే ట్యాంకర్ బుక్ చేసి, ఏ అర్ధరాత్రికి వస్తుందోనని మేలుకుని కూర్చుంటారు. నూరు కిలోమీటర్లకు పైగా దూరం నుంచి కృష్ణా, గోదావరి నీళ్లను మోటార్లతో ఎత్తిపోసి తెచ్చుకుంటున్న నగరం తన నెత్తిన పడ్డ నీటిని వదిలేసుకుంటోంది.

ఇంకుడు గుంత అన్ని నేలలకూ ఒకే మందు కాదన్నది పాలకులు గుర్తించాల్సిన రెండో విషయం. హైదరాబాద్ కింద ఉన్నది గ్రానైట్ రాతి పలక. పైనున్న పొరలోనూ రాతి పగుళ్లలోనూ తప్ప నీరు నిలవదు. ఒక ఇంట్లో ఇంకించిన నీరు ఆ ఇంటి బోరుకే తిరిగి వస్తుందన్న భరోసా లేదు. దివిసీమ వంటి తీర ప్రాంతాల్లో కథ మరొకటి. అక్కడ కొద్ది అడుగుల లోతులోనే ఉప్పునీరు. గుంతలో ఇంకిన వాన ఆ ఉప్పులో కలిసిపోతే బిందెడు కూడా తిరిగి చేతికి రాదు. కాలువలకు నీరు ఆపేసే లోగా నింపుకున్న మంచినీటి చెరువు అడుగంటితే, కూలి డబ్బుల్లోంచి తీసి నీళ్ల క్యాన్లు కొనుక్కోవాల్సిందే. ఇలాంటి ఊళ్లకు కావాల్సింది నీటిని నేలకు అంటకుండా దాచే తొట్టి.

బోరునీటిలో ఫ్లోరైడ్ ఎక్కువగా ఉన్న ప్రాంతాల సంగతి ఇంకా బాధాకరం. 1937లోనే అప్పటి నెల్లూరు జిల్లాలోని దర్శి, పొదిలి, కనిగిరి ప్రాంతాల్లో ఈ పీడను వైద్యులు గుర్తించి రాశారు. నల్గొండ జిల్లాలో తరాల తరబడి పిల్లల పళ్లు గారపట్టాయి, నడుములు వంగిపోయాయి, కాళ్లు వంకర్లు తిరిగాయి. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ప్రమాదమని చెప్పే ఫ్లోరైడ్, బండరాళ్ల నుంచి ఊరి కింది నీటిలోకి కరిగి వస్తుంది. ఆకాశం నుంచి పడే వానలో అది ఉండదనే చెప్పాలి. నదీ జలాలు నల్లాల్లోకి వచ్చాక మర్రిగూడ, మునుగోడు వంటి చోట్ల బోరునీరు తాగాల్సిన దుస్థితి చాలావరకు తగ్గింది, సంతోషం. అయితే పైపు పగిలినా, మోటారు కాలినా ఆ ఊళ్లు మళ్లీ పాత బోరు దగ్గరికే వెళ్లాలి. మనిషికి తాగడానికి, వంటకు రోజుకు 5 లీటర్లు అనుకుంటే ఐదుగురున్న ఇంటికి ఏడాది పొడవునా కావాల్సింది 9 వేల లీటర్ల చిల్లర మాత్రమే. అనంతపురం లాంటి కరువు జిల్లాలోనూ ఏటా సగటున 500 మిల్లీమీటర్లకు పైగా వాన పడుతుంది. అక్కడ 50 చదరపు మీటర్ల చిన్న మిద్దె కూడా 20 వేల లీటర్లు ఇస్తుంది. అంటే 10 వేల లీటర్ల తొట్టి ఒక కుటుంబాన్ని ఏడాదంతా విషపు నీటి నుంచి కాపాడుతుంది. ఇంత దగ్గరలో ఉన్న దారిని ఇన్నేళ్లు వదిలేయడం మనసును కలచివేస్తుంది.

నగరాల్లో అడిగే ప్రశ్న ఒకటుంది: వానలు పడే నాలుగు నెలలు నీళ్లకు కొదవేముంది, ఎండాకాలానికి ఆ తొట్టి ఏ మూలకు? వానాకాలంలో తొట్టి ఒక్కసారి నిండి ఊరుకోదు. వాడుకునే కొద్దీ మళ్లీ మళ్లీ నిండుతుంది. స్నానాలకు, బట్టలకు, అంట్లకు ఆ నీరే వాడితే అన్నాళ్లూ బోరు మోటారుకు పని తగ్గుతుంది. అలా భూమిలో మిగిలిన నీరే మేలో అక్కరకొస్తుంది. తొట్టి పొర్లిన నీటిని గుంతకు మళ్లిస్తే రెండు పనులూ జరుగుతాయి. వాననీటి మంచితనం ఇల్లాళ్లకు చెప్పక్కర్లేదు. బోరునీటితో గంటసేపు ఉడికినా పలుకుగానే ఉండే కందిపప్పు వాననీటిలో ఇట్టే మెత్తబడుతుంది. సబ్బు చిటికెలో నురగ వస్తుంది, గిన్నెల మీద తెల్లటి చార ఉండదు. వాన మొదలవగానే చూరు కింద గంగాళాలు, బిందెలు వరసగా పెట్టిన ఇళ్లు ఈ తరం పెద్దలందరికీ గుర్తే.

శుభ్రత విషయంలో మాత్రం ఏ రాజీ పనికిరాదు. తొలకరికి ముందే స్లాబు ఊడ్చి కడగాలి. మొదటి వానల్లో దుమ్ము, ఆకులు, పక్షుల రెట్టలు కొట్టుకొస్తాయి కాబట్టి ఆ నీరు తొట్టిలో పడకూడదు. దీనికి పెద్ద యంత్రమేమీ అక్కర్లేదు. దిగే గొట్టానికి పక్కగా, అడుగున మరమూత బిగించిన లావుపాటి గొట్టం ఒకటి నిలబెడితే చాలు. మురికినీరు ముందు దానిలో నిండుతుంది, అది నిండాకే తేటనీరు తొట్టి వైపు మళ్లుతుంది. వాన వెలిశాక మూత తిప్పి ఆ మురికిని వదిలేయాలి. తొట్టికి ముందు కంకర, ఇసుక, బొగ్గు పొరలతో వడపోత ఉండాలి. తొట్టిలోకి వెలుతురు పోకూడదు, పోతే పాచి పడుతుంది. ప్రతి రంధ్రానికీ దోమతెర బిగించాలి. డెంగీ దోమ గుడ్లు పెట్టేది తేట నీటిలోనేనని మరవొద్దు. తాగాలంటే కాచి గానీ, క్లోరిన్ కలిపి గానీ తాగాలి. సిమెంటు రేకుల కప్పు మీది నీరు తాగడానికి వద్దు. నల్లా నీళ్ల సంపులోకి వాన గొట్టాన్ని నేరుగా కలపడం కూడా తప్పే. వాననీటికి వేరే తొట్టి ఉండాలి, లేదా సంపులో అడ్డుగోడ కట్టాలి.

దేశంలో దీన్ని బతుకులో భాగం చేసుకున్న చోట్లు లేకపోలేదు. మిజోరం రాజధాని ఐజ్వాల్‌లో కొండవాలు ఇళ్ల రేకుల నుంచి గొట్టాలు నేరుగా ట్యాంకుల్లోకి దిగుతాయి. అహ్మదాబాద్ పాతబస్తీలోని ఇళ్లలో వాకిలి కింద కట్టిన పాతకాలపు నేల తొట్లు ఇప్పటికీ ఉన్నాయి. తమిళనాడు 2003లో అన్ని భవనాలకూ వాననీటి సంరక్షణను తప్పనిసరి చేసింది, చెన్నైలో ఫలితమూ కనిపించింది. తర్వాత ఆలనాపాలనా కొరవడింది. 2019లో జలాశయాలు ఎండి, జోలార్‌పేట నుంచి రైళ్లలో నీరు తెచ్చుకోవాల్సి వచ్చింది. ఒకసారి కట్టించి చేతులు దులుపుకుంటే ఏమవుతుందో మనం అక్కడ చూశాం.

నీరు, భూమి, చెట్ల రక్షణకు ఉమ్మడి రాష్ట్రంలో 2002లో వచ్చిన వాల్టా చట్టం ఇళ్లకూ వాననీటి నిర్మాణాలు ఉండాలని చెప్పింది. ఆచరణలో అది ప్లాను కాగితంపై గీసిన గుంతగా మిగిలింది. ఇకపై కట్టిన ఇంట్లో చేరవచ్చని ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ ఇచ్చే ముందు అధికారి స్లాబు ఎక్కి, వాన గొట్టం వెంబడి దిగివచ్చి, అది తొట్టిలో కలుస్తోందో లేదో కళ్లారా చూడాలి. ఇందిరమ్మ ఇంటి నమూనాలోనే తొట్టిని చేర్చి, అందుకయ్యే ఖర్చును సాయంలో విడిగా కలపాలి. 400 చదరపు అడుగుల ఆ స్లాబు కూడా తెలంగాణ వానలకు ఏటా 20 వేల లీటర్లకు తక్కువ ఇవ్వదు. ఫ్లోరైడ్, ఉప్పునీటి మండలాల్లోని సర్కారు బడులు, అంగన్‌వాడీలు, ఆరోగ్య కేంద్రాలకు ఈ సీజన్‌లోనే తొట్లు కట్టించాలి. మధ్యాహ్న భోజనం ఆ నీటితోనే వండాలి, నీటి పరీక్ష ఫలితాన్ని బడి గోడ మీద రాయాలి. సొంత ఖర్చుతో తొట్టి కట్టుకుని ఏటా శుభ్రం చేసుకునే ఇంటికి ఆస్తి పన్నులో రాయితీ ఇస్తామని రెండు ప్రభుత్వాలూ వచ్చే శాసనసభ సమావేశాల్లోనే ప్రకటించాలి.