కేన్సర్ భయంతో బేరాలా?

పేగుల్లోని బ్యాక్టీరియాకూ మెదడు కేన్సర్‌కూ లంకె ఉందని, జన్యుపరమైన రుజువు కూడా దొరికిందని శీర్షికలు హోరెత్తుతున్నాయి. లంకెను కారణంగా, కారణాన్ని సరుకుగా మార్చేసే ఈ తొందరే మాకు ఆందోళన కలిగిస్తోంది.

మెండీలియన్ రాండమైజేషన్ అనే పద్ధతిలో తేల్చిన లెక్కలివి. ఫలానా బ్యాక్టీరియా ఎక్కువగా ఉండేలా చేసే జన్యు తేడాలు పుట్టుకతో ఉన్నవారికి మెదడు కణితులు ఎక్కువగా వస్తున్నాయా అని చూస్తారు. పద్ధతి మంచిదే. లోపమంతా ముడిసరుకులో ఉంది. ఈ లెక్కల్లో చాలావాటికి ఆధారం, జన్యువులకూ పేగు బ్యాక్టీరియాకూ ఉన్న సంబంధాన్ని వెతికే శాస్త్రవేత్తల బృందం మైబయోజెన్ కన్సార్షియం 2021లో ప్రచురించిన సమాచారం. 18,340 మందిని పరిశీలిస్తే అత్యంత కఠినమైన పరీక్షకు నిలిచింది ఒకే ఒక్క జన్యు ప్రాంతం, పాలలోని చక్కెరను అరిగించే లాక్టేజ్ జన్యువు దగ్గరిది. మిగతావాటిని వాడుకోవాలంటే నిబంధన సడలించాల్సిందే. పైగా అందులో ఉన్నవి 211 బ్యాక్టీరియా వర్గాలు. నూటికి ఐదు పొరపాట్లను ఒప్పుకునే మామూలు లెక్కన ఒక్కొక్కటీ పరీక్షిస్తే, ఏ సంబంధమూ లేకపోయినా సుమారు పదింటికి సంబంధం ఉన్నట్టే కనబడుతుంది. కణితి ఉన్న రోగి పేగుల్లో ఏముందో ఈ లెక్కలు చూడనే చూడవు.

పేగులు రోగనిరోధక శక్తిని ప్రభావితం చేస్తాయి కాబట్టి పరిశోధన సాగాలనేవారి మాట కాదనం. సాగనివ్వండి. కానీ లంకెను మందుగా మార్చేస్తే ఏమవుతుందో ఫిన్లాండ్‌లో ఒకసారి చూశాం. కూరగాయలు, పండ్లు తినేవారికి కేన్సర్ తక్కువన్న లెక్కలు నమ్మి, 29 వేల మందికి పైగా పొగతాగేవారిపై, ఆ కూరగాయల్లో, పండ్లలో ఉండే బీటా కెరోటిన్ అనే పదార్థాన్ని మాత్రలుగా ఇచ్చి పరీక్షించారు. 1994లో ఫలితం వచ్చింది. ఆ మాత్రలు మింగినవారిలో ఊపిరితిత్తుల కేన్సర్ 18 శాతం పెరిగింది! అది పరీక్ష కాబట్టి బయటపడింది. నేరుగా బజారుకెక్కితే బయటపడేదేనా?

గ్లియోబ్లాస్టోమా అనే తీవ్రమైన మెదడు కేన్సర్ రోగులు చికిత్స తీసుకున్నా సగం మంది ఏడాదిన్నర కూడా బతకడం లేదు. అలాంటి ఇంటికి వెళ్లి ‘మీ తిండి వల్లేనేమో’ అన్న అనుమానం నాటడం, ఆనక పేగు పరీక్షల కిట్లు, ప్రోబయోటిక్ (మేలు చేసే బ్యాక్టీరియా అని అమ్మే) మాత్రలు అంటగట్టడం క్రూరత్వం. పరిశోధన పత్రం చివర ‘మరింత పరిశోధన అవసరం’ అని ఓ వాక్యం రాసి, పత్రికా ప్రకటనలో మాత్రం ‘కారణం దొరికింది’ అని చాటే సంస్థలకు ఇందులో వాటా లేదా? ఆ ప్రకటనను చదవకుండానే అచ్చేసే పత్రికలకు? ముందు ఆ చివరి వాక్యాన్ని శీర్షిక కిందికి తెచ్చి వేయండి.