బెజవాడ ఆటోమేటిక్ బెల్టు

ఆటోమేటిక్ సీటు బెల్టు అమెరికా వాళ్ల ఘనత అని మా బావమరిది వాదన. తొంభైల్లో న్యూజెర్సీలో అతను కొన్న సెకండ్ హ్యాండ్ కారులో తలుపు వేసి తాళం తిప్పితే చాలు, తలుపు పై అంచున ఉన్న పట్టా మీద బెల్టు జుయ్‌మంటూ వెనక్కి జరిగి భుజం మీద వాలేదట. భుజం మీద మాత్రమే. నడుం బెల్టు చేత్తో పెట్టుకోవాల్సిందే. భుజం పని ఎలాగూ అయిపోయింది కదా అని చాలామంది నడుం సంగతి మర్చిపోయేవారట.

పాపం, వాళ్ల ప్రభుత్వం చాలా తంటాలు పడింది. 1974 మోడల్ కార్లలో బెల్టు పెట్టుకోకపోతే ఇంజనే స్టార్ట్ కాకుండా చేశారు. జనం తిట్లు భరించలేక అదే ఏడాది ఆ నిబంధనను చట్టం చేసి మరీ ఎత్తేశారు. ఆ తర్వాత, 1990 మోడల్ నుంచి ప్రతి కారులో ఎయిర్‌బ్యాగో, తనంతట తాను పడే బెల్టో ఉండాలన్నారు. ఈ మోటారు బెల్టులు అలా వచ్చినవే. అవి చెడిపోతే ఫ్యూజు చూడాలి, తలుపు స్విచ్చి చూడాలి, పట్టా చివర బెల్టును ఆపే లిమిట్ స్విచ్చి చూడాలి. మా బావమరిది బెల్టు ఒక చలికాలంలో సగం దారిలో ఆగిపోయి, సరిగ్గా మెడ దగ్గర నిలబడిందట. వారం రోజులు మెడ వంచుకునే ఆఫీసుకు వెళ్లాడు.

మనకు అంత ఖర్చు అక్కర్లేదు. మన బెల్టుకు మోటారు లేదు, పట్టా లేదు, ఫ్యూజు లేదు. ఉన్నదల్లా ఒక్క సెన్సరు. అది తెల్ల చొక్కా, ఖాకీ ప్యాంటు కాంబినేషన్‌ను వంద గజాల నుంచి పసిగడుతుంది. బెంజ్ సర్కిల్ దగ్గర ఆ కాంబినేషన్ కనపడగానే డ్రైవరు కుడిచెయ్యి దానంతట అదే భుజం వెనక్కి వెళ్తుంది, బెల్టు ఒడిలోకి వస్తుంది. గుచ్చడం ఉండదు, ఊరికే పట్టుకోవడమే. సర్కిల్ దాటాక బెల్టు యథాస్థానానికి వెళ్లిపోతుంది. ఈ టెక్నాలజీకి ఇంతవరకు ఎవరూ పేటెంట్ తీసుకోలేదు. (మూడు చోట్ల కట్టే ఇప్పటి బెల్టును 1959లో తెచ్చిన వోల్వో కంపెనీ, దాని పేటెంట్‌ను మిగతా కంపెనీలకు ఉచితంగా వదిలేసింది. మనం కూడా ఉదారంగానే ఉందాం.)

లోపాలు లేవని కాదు. సెన్సరు ఒక్కోసారి స్కూలు డ్రిల్లు మాస్టారిని చూసి కూడా పనిచేస్తుంది. రాత్రి పది దాటితే అసలు పనిచెయ్యదు.

నా సెన్సరుకు ఏ లోపమూ లేదు. చెడింది బెల్టు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు నా పాత కారు సింగ్ నగర్‌లో మా అక్కయ్య వాళ్లింటి ముందు ఉంది. సీట్లు మునిగేదాకా నీళ్లలో ఉండి బయటపడింది. వెంటనే ఇంజను విప్పించాను. వైరింగు మార్పించాను. సీట్లు ఎండబెట్టించాను. పాటల సిస్టమ్ మాత్రం కొత్తదే వేయించాను, అందులో రాజీ పడలేదు. బెల్టు సంగతి మెకానిక్ అడగలేదు, నేను చెప్పలేదు. నాలుగు నెలలు మా ఇద్దరికీ దాని అవసరం రాలేదు.

సంక్రాంతికి గుంటూరు వెళ్తుంటే కాజ టోల్‌గేటు దాటాక వచ్చింది. తెల్ల చొక్కా కనపడింది, చెయ్యి వెనక్కి వెళ్లింది, బెల్టు రాలేదు. గట్టిగా లాగాను. ఇంకా బిగుసుకుంది.

"బెల్టేదండీ?"

"రావట్లేదు సార్."

"పాటలు బాగానే వస్తున్నాయిగా!"

2019లో చట్టం మార్చి ఈ నేరం ధరను 100 నుంచి 1000 రూపాయలు చేశారు. కట్టాను.

మర్నాడు ఆటోనగర్. మేస్త్రి పెద్దాయన. నేను బెల్టును లాగుతున్న తీరు కాసేపు చూసి, "ఎద్దు ముకుతాడు కాదు సార్, మెల్లగా లాగండి" అన్నాడు. ఝాడించి లాగితే పట్టుకోవడమే దాని ఉద్యోగమట. బెల్టు చుట్టుకునే రీలు పక్కన ఒక చిన్న గుండు ఉంటుంది. సడన్ బ్రేకు వేసినా, బండి బాగా ఒరిగినా ఆ గుండు కదిలి రీలు పళ్లను పట్టించేస్తుంది. నేనేమో కారును సగం రోడ్డు మీద, సగం డ్రైనేజీ పలక మీద ఒరగబెట్టి నిలిపాను. చదునైన చోటికి తోశాం. అయినా రాలేదు. అప్పుడాయన తలుపుల మధ్య స్తంభం కింద ప్లాస్టిక్ మూత ఊడదీసి లోపలికి టార్చి వేశాడు.

"బుడమేరు తగ్గిందన్నారుగా సార్. ఇదిగో, ఇక్కడుంది."

రీలు నిండా ఎండిన బురద. కాస్త ఆయిల్ వేస్తే సరిపోతుందేమో అన్నాను. ఆయన నన్ను జాలిగా చూశాడు. ఆయిల్ వేస్తే ఉన్న దుమ్ముకు కొత్త దుమ్ము అంటుకుంటుందట. బెల్టు పట్టీకి మురికి పట్టి మెల్లగా చుట్టుకుంటుంటే సబ్బునీళ్లతో కడిగి, పూర్తిగా ఆరనిచ్చి వదలొచ్చు. రీల్లోకే బురద పోతే మాత్రం మార్చడమే. విప్పబోతే లోపలి స్ప్రింగు మొహం మీదకు లేస్తుంది. పాత సామాన్ల కొట్లో సగం ధరకు దొరుకుతుందిగా అన్నాను. "యాక్సిడెంటైన బండిదైతే? ఒకసారి మనిషిని ఆపిన బెల్టు రెండోసారి ఆపుతుందని నేను చెప్పలేను" అన్నాడు.

ఈలోగా మెరిసిపోతున్న కొత్త కారులో ఒక కుర్రాడు వచ్చి "బాబాయ్, క్లిప్పుందా?" అన్నాడు. 2019 జూలై తర్వాత తయారైన కార్లలో బెల్టు పెట్టుకోకపోతే బీప్ బీప్ మంటూ ప్రాణం తీస్తుంది కదా, దాని నోరు మూయించే ఇనప నాలుక అది. నాలుకకు నరం లేదంటారు, దీనికి బెల్టు కూడా లేదు. 2023లో అయిదు ఆన్‌లైన్ అమ్మకం కంపెనీలను వీటిని తీసేయమని కేంద్రం ఆదేశించింది. కుర్రాడు అందుకే స్వయంగా వచ్చాడు. లక్షలు పోసి ప్రాణం కాపాడే యంత్రం కొని, అది మాట్లాడకుండా చెయ్యడానికి ఇంకో వంద పెట్టగల ఉదారత మన జిల్లాల్లో కొదవ లేదు. మేస్త్రి లేదన్నాడు. కుర్రాడు పక్క కొట్టుకి వెళ్లాడు.

కొత్త రీలు వేయించాను. మర్నాడు పొద్దున్నే అపార్ట్‌మెంటు సెల్లారులోనే, ఇంజను స్టార్ట్ చెయ్యకముందే బెల్టు పెట్టుకుని చూసుకున్నాను. టక్‌మంది. వాచ్‌మన్ పరుగెత్తుకొచ్చాడు.

"సార్, బయట చెకింగ్ ఉందా?"

నేను జవాబు చెప్పేలోపే అతను లిఫ్టు దగ్గరికి వెళ్లి ఎవరికో చెప్పాడు. ఆ పొద్దున మా సెల్లారులోంచి ఆరు కార్లు వరసగా బయటికెళ్లాయి. ఆరుగురూ బెల్టులు పెట్టుకునే ఉన్నారు. రెండో అంతస్తు రావు గారైతే పక్క సీట్లో కూరగాయల సంచీకి కూడా పెట్టారు.