ముప్పయ్యేళ్లు నిండిన పుణ్యమూర్తి

మెర్సిడెస్ బెంజ్ 600ని ఉత్త కారు అనడం మర్యాద కాదు. 1963లో ఫ్రాంక్‌ఫర్ట్ ప్రదర్శనలో జనానికి దర్శనమిచ్చి, 1981 దాకా ఆర్డర్ల మీద తయారై, మొత్తం 2,677 మాత్రమే లోకంలోకి వచ్చిన వంశం అది. అమ్మేవాళ్లు కూడా పెళ్లి సంబంధం మాట్లాడినట్టు ముందు వంశం సంగతే ఎత్తుతారు. పాటగాడు ఎల్విస్ ప్రెస్లీ దగ్గర ఇదే మోడల్ ఉండేదండీ, ఇంకో పాటగాడు జాన్ లెనన్ దగ్గరా ఉండేదండీ అంటారు. మావో, టిటో, చౌషెస్కూ, ఈదీ అమీన్ లాంటి నియంతలు కూడా ఇదే మోడల్ ఎక్కి తిరిగారన్న చోటికి వచ్చేసరికి మాత్రం పాపం గొంతు ఆరిపోయి కాఫీ తెప్పిస్తారు. జైలుకెళ్లిన బాబాయి ఊసు పెళ్లిచూపుల్లో ఎవరెత్తుతారు?

ఇక లోపలి వైభవం. ఆనాటి కరెంటు మోటార్లు చప్పుడు చేస్తాయని ఈ కారులో అద్దాలు, సీట్లు, డిక్కీ మూత అన్నిటినీ నూనె ఒత్తిడితో కదిలించారు. ఒత్తిడిని 'బార్' అనే కొలతలో చెబుతారు; మామూలు కారు టైరులో గాలి ఒత్తిడి రెండు బార్లకు కాస్త అటూ ఇటూ ఉంటుంది. ఇక్కడ సన్నటి గొట్టాల్లో నూనె 150 బార్ల దగ్గర ఉంటుంది. అందుకే అద్దం పైకి లేస్తుంటే చప్పుడుండదు. మధ్యలో వేలు పెట్టినవాడి చప్పుడే వినిపిస్తుంది. ఇన్నేళ్ల తర్వాత ఆ గొట్టాల్లో ఒకటి కారడం మొదలైతే, అమ్మేవాళ్ల భాషలో దాన్ని 'కొద్దిపాటి శ్రద్ధ అవసరం' అంటారు. మెకానిక్ బిల్లు చేతికొచ్చాక శ్రద్ధకు భక్తి కూడా తోడవుతుంది.

అసలు మహిమ నంబర్ ప్లేటులో ఉంది. జర్మనీలో 30 ఏళ్లు నిండి, పాత రూపం చెడకుండా ఉన్న బండికి నంబరు చివర 'హెచ్' అక్షరం ఇస్తారు. ఆ అక్షరం పడిందా, అది ఇక బండి కాదు, సాంస్కృతిక సంపద. ఇది నా వెక్కిరింత కాదు, అక్కడి చట్టం మాటే. ఇంజిన్ 6.3 లీటర్ల భారీదైనా సరే, ఏడాదికి పన్ను 191.73 యూరోలే. బెర్లిన్ నడిబొడ్డున కాలుష్య నియంత్రణ ప్రాంతంలోకి పొగ తక్కువని చెప్పే ఆకుపచ్చ స్టిక్కర్ లేకుండానే దర్జాగా వెళ్లొచ్చు. వెనకాలే పొగ వడకట్టే ఫిల్టర్ లేని పాత డీజిల్ వ్యానులో ఒక ప్లంబర్ వస్తే మాత్రం అతనికి ప్రవేశం లేదు. ఊరి ఊపిరితిత్తులు ముఖ్యం కదా!

ఆ ప్లంబర్ సోదరుడికి నాదొక సలహా. తొందరపడి ఆ వ్యాను తుక్కుకి వెయ్యకు నాయనా. 30 ఏళ్లు నిండేదాకా షెడ్డులో పెట్టి, రోజూ మెత్తటి గుడ్డతో తుడువు. అంతవరకూ పైపులు భుజాన మోసుకెళ్లు. బాత్రూంలో నీళ్లు కారుతున్నాయని ఎవరైనా ఫోన్ చేస్తే బకెట్ పెట్టుకోమను, సాంస్కృతిక సంపదలో బయల్దేరి వస్తానని చెప్పు.