హ్యూస్టన్ సీనియర్లు మిగిల్చింది సున్నానా? ఆ ఫార్వర్డ్‌కు జవాబు

2025 ఏప్రిల్ 7న శాన్ ఆంటోనియోలో అమెరికా కాలేజీ బాస్కెట్‌బాల్ కప్పు (ఎన్‌సీఏఏ టోర్నీ) ఫైనల్లో హ్యూస్టన్ యూనివర్సిటీ జట్టు ఫ్లోరిడా చేతిలో 65-63తో ఓడిన దగ్గర్నుంచి హ్యూస్టన్ తెలుగు గ్రూపుల్లో ఒకటే మెసేజ్ చక్కర్లు కొడుతోంది. పంపినవాళ్లే మళ్లీ పంపుతున్నారు. అందులో ఉన్నది ఇదీ: కప్పు రాలేదు కాబట్టి ఆ ఏడుతో కాలేజీ ఆట ముగిసిన సీనియర్లు క్రయర్, రాబర్ట్స్, ఫ్రాన్సిస్, విల్సన్ మిగిల్చి వెళ్లింది సున్నా. ఆడేదంతా కోచ్ సిస్టమ్, ఆటగాళ్లు ఎవరైనా ఒకటే. వచ్చినవాళ్లు అద్దె సరుకు. డ్రాఫ్ట్‌లో (ఎన్‌బీఏ ప్రొఫెషనల్ జట్లు ఏటా కొత్త ఆటగాళ్లను వరుసగా ఎంచుకునే చోట) క్రయర్‌నీ రాబర్ట్స్‌నీ ఎవరూ తీసుకోలేదు. వైభవమంతా 1980ల స్టార్ ఒలాజువాన్ రోజులతోనే పోయింది. ఫైనల్లో ఆఖరి బంతిని నేలకు వదిలేయడమే ఈ సీనియర్ల ఘనత.

డ్రాఫ్ట్ సంగతి రెండు ముక్కల్లో తేల్చేద్దాం. 2023లో 8వ పిక్‌గా వెళ్లిన జారేస్ వాకర్ ఇక్కడ ఆడింది ఒక్క సీజన్. రాబర్ట్స్ ఉన్నది ఆరేళ్లు. డ్రాఫ్ట్ చూసేది రాబోయే ఎన్‌బీఏ ఆటగాణ్ని, కాలేజీలో వదిలి వెళ్లినదాన్ని కాదు.

అద్దె సరుకు మాటకొస్తే, క్రయర్ బేలర్ అనే ఇంకో యూనివర్సిటీ నుంచి వచ్చిన మాట నిజం. 2021 కప్పు గెలిచిన జట్టు నుంచి వచ్చి రెండేళ్లు ఆడాడు. ఫైనల్లో 19 పాయింట్లు కొట్టాడు. అద్దె ఏమీ బాకీ లేదు.

ఇక ఒలాజువాన్ ముచ్చట. కప్పు లేకపోతే సున్నా అన్నారు కదా, మరి ఒలాజువాన్, అతనితో ఆడిన డ్రెక్స్‌లర్ హ్యూస్టన్‌కు ఏ కప్పు తెచ్చారు? 1983 ఫైనల్లో నార్త్ కరోలినా స్టేట్ చేతిలో 54-52తో ఓటమి. మరుసటి ఏడు డ్రెక్స్‌లర్ లేకుండా జార్జ్‌టౌన్ చేతిలో 84-75. వాళ్ల గొప్పతనాన్ని కాదనేవాళ్లు ఎవరూ లేరు. కానీ 1984లో ఒలాజువాన్ వెళ్లిపోయాక హ్యూస్టన్ ఎన్‌సీఏఏ టోర్నీలో మళ్లీ ఒక్క మ్యాచ్ గెలవడానికి 34 ఏళ్లు పట్టింది. 2018లో రాబ్ గ్రే 39 పాయింట్లు కొడితే శాన్ డియేగో స్టేట్ మీద 67-65తో గట్టెక్కింది. ఆ గ్రే కూడా ఆ ఏడే వెళ్లిపోయాడు. మరుసటి సీజన్లో ఎన్ని గెలిచారు? 33. కోరీ డేవిస్, గేలెన్ రాబిన్సన్ వెళ్లారు. రెండేళ్లలో ఫైనల్ ఫోర్, అంటే సెమీఫైనల్స్. జమాల్ షెడ్ వెళ్లాడు. మరుసటి ఏడు 35 విజయాలు, ఫైనల్. వెళ్లినవాళ్లు ఏం మిగిల్చారో చూడాలంటే వాళ్ల తర్వాతి ఏడాది లెక్క చూడాలి.

సిస్టమ్ వాదం అన్నింటికంటే సుకుమారమైనది. కోచ్ శాంప్సన్‌కు హ్యూస్టన్‌లో మొదటి సీజన్ 2014-15. ఫలితం 13 గెలుపులు, 19 ఓటములు. అప్పుడు సిస్టమ్ సెలవు మీద ఉందా?

ఆ సిస్టమ్ అంటే ఏమిటో కూడా చూద్దాం. ప్రత్యర్థి స్క్రీన్ పెట్టగానే (గార్డుకు దారి కాకుండా ఒకడు అడ్డంగా నిలబడగానే) హ్యూస్టన్ పొడుగాటివాడు ముందుకు దూకుతాడు. గార్డుతో కలిసి బంతి ఉన్నవాణ్ని పక్క గీత వైపు నొక్కుతాడు. వెనక మిగిలిన ముగ్గురు నలుగుర్ని కాయాలి. అవతలి పక్కన కిందున్నవాడు రింగ్ ముందుకు జరగాలి, ముందుకెళ్లిన పొడుగాటివాడు వెనక్కి పరిగెత్తాలి. ఇందులో ఒక్కడు అర సెకను ఆలస్యమైతే అవతలివాడికి డంక్ (బంతిని పైనుంచి చేత్తో రింగులో దూర్చడం) ఫ్రీ. ‘స్క్రీన్ వస్తోంది, ఎడమ’ అని కేక వేసి వెనకున్నవాణ్ని కదిలించాల్సింది కోర్టులో ఉన్నవాడే, బెంచీ దగ్గరున్న కోచ్ కాదు. ఆ కేక పాతవాడి నోటి నుంచి కొత్తవాడికి అందుతుంది: రాబిన్సన్ నుంచి తర్వాతి గార్డు జారోకు, జారో నుంచి షెడ్‌కు. షెడ్ వెళ్లాక ఓక్లహోమా నుంచి కొత్త గార్డు ఊజాన్ వచ్చేసరికి నేర్పడానికి రాబర్ట్స్, క్రయర్ ఉన్నారు.

ఇప్పుడు అసలు దుర్మార్గమైన ముక్క, ఆఖరి బంతి. ఫైనల్లో హ్యూస్టన్ రెండు పాయింట్లు వెనకుంది, టైం అయిపోతోంది. మూడు పాయింట్ల గీత దగ్గర షాట్‌కు ఎగిరినవాడు ఇమాన్యుయెల్ షార్ప్. ఫ్లోరిడా ఆటగాడు క్లేటన్ మీదికి దూసుకొచ్చాడు. వేస్తే బ్లాక్ అయ్యేది, పట్టుకుని దిగితే ట్రావెలింగ్ అనే తప్పు. అందుకే గాల్లోనే వదిలేశాడు, తిరిగి ముట్టుకోలేకపోయాడు, ఫ్లోరిడాకే చెందిన కాండన్ దాని మీద పడ్డాడు. తప్పే. కానీ షార్ప్ ఆ ఏడు వెళ్లినవాడు కాదు మహాప్రభో! తర్వాతి సీజన్‌కు ఉన్నవాడు. వెళ్లినవాళ్ల ఘనతకు ఉండిపోయినవాడి బంతిని రుజువుగా చూపడం ఏం లెక్క?

సీనియర్ల చివరి క్షణాలే కావాలంటే రెండు రోజుల ముందు డ్యూక్‌తో సెమీఫైనల్ చూడండి. 14 పాయింట్ల వెనకబాటు నుంచి వచ్చారు. విల్సన్ డ్యూక్ ఇన్‌బౌండ్ పాస్ (గీత బయటినుంచి లోపలికి వేసేది) లాక్కున్నాడు. అతని షాట్ తప్పితే జట్టులోని టగ్లర్ డంక్ చేశాడు. డ్యూక్ ఫ్రీ త్రో తప్పింది. రాబర్ట్స్ అప్పటికే డ్యూక్ స్టార్ ఫ్లాగ్‌ను వీపుతో వెనక్కి నెట్టి పెట్టాడు. ఫ్లాగ్ అతని వీపు మీదెక్కి ఫౌల్ చేశాడు. రాబర్ట్స్ రెండు ఫ్రీ త్రోలూ వేశాడు, 68-67. తర్వాత ఫ్లాగ్ షాట్‌కు చేయి అడ్డం పెట్టిందీ అతనే, అది తప్పింది. ప్రాక్టీసులో రింగ్ మీద మూత పెట్టి, ఏ షాటూ లోపల పడకుండా చేసి, ప్రతి బంతికీ కొట్టుకోమనే జట్టు ఇది. ఆ మూత కింద ఆరేళ్లు నలిగితే వచ్చే పని అది.

ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి. పాయింట్లు ఎండిపోయే జబ్బు కూడా ఒక తరం నుంచి ఇంకో తరానికి దిగుతూనే ఉంది. టోర్నీలో ఓడిన మ్యాచ్‌ల్లో కొట్టిన పాయింట్లు చూడండి: 2019లో కెంటకీతో 58, 2022లో విల్లనోవాతో 44 (ఆ రోజు మూడు పాయింట్ల షాట్లు 20 వేస్తే పడింది ఒకటి), 2024లో డ్యూక్‌తో 51. షెడ్ చీలమండ దెబ్బ తిన్న మ్యాచ్ కాబట్టి దాన్ని వదిలేసినా, ఫ్లోరిడాపై 12 పాయింట్ల ఆధిక్యం కరిగిపోయి చివర్లో వరుసగా బంతులు చేజార్చుకోవడానికి సాకు లేదు. ఆ తప్పులో క్రయర్‌కూ రాబర్ట్స్‌కూ వాటా ఉంది. మెసేజ్ ఈ మాట అని ఊరుకుంటే ఈ జవాబు అవసరమే ఉండేది కాదు.

మళ్లీ పంపేవాళ్లు కనీసం ఫోటో అయినా మార్చండి. ‘వెళ్తున్న హీరోలు’ అని రాసి కింద పెట్టింది షార్ప్ బొమ్మ.