ఉన్నచోట ఉండని కంకరగారికి

మహారాజశ్రీ కంకరగారి దివ్యసముఖానికి,

ఉభయకుశలోపరి. తమరు క్షేమమేనని తెలుసు, రోజూ అరికాలికి తగులుతూనే ఉన్నారు కదా.

మధురవాడలో మా పెరడు తమరికి కొత్త కాదు. గేటు నుంచి బాదం చెట్టు దాకా 30 అడుగుల నడకదారి. వానొస్తే బురద చెప్పులకంటుకుని హాల్లోకి వచ్చేది, మా ఆవిడ చూపు దానికన్నా ఎర్రగా ఉండేది. తమర్ని పరిస్తే సిమెంటుకన్నా చవక, నీళ్లు భూమిలోకి ఇంకుతాయి, ఆపైన చాకిరీ ఉండదు అనుకున్నాను. ఆ చివరి మాట వెనక్కి తీసుకుంటున్నాను.

మొదటి దెబ్బ పేరు దగ్గరే తగిలింది. ఫోన్లో నాగరికంగా "గ్రావెల్ పంపండి" అన్నాను. ట్రాక్టర్ నిండా ఎర్రమట్టి దిగింది! మా వైపు గ్రావెల్ అంటే అదేనట, తమర్ని 'పిక్క' అనాలట. "పోన్లెండి బావూ, అడుక్కి పనికొస్తాది" అని మేస్త్రి తవ్విన చోట దాన్నే పోసి, తడిపి, దిమ్మిసాతో కొట్టించాడు. నున్నటి గులకరాళ్లు వేద్దామంటే ఒప్పుకోలేదు. "గుండ్రాయి కాలికింద దొర్లిపోద్ది. మొనలున్న రాయైతే ఒకదాన్నొకటి పట్టుకుంటాది." అంచుకి ఇటుకలు నిలబెట్టమని కూడా చెప్పాడు. అక్కడ నేను పిసినారితనానికి పోయాను. మొన్న అల్పపీడనం వానకి తమలో సగం మంది మందార పాదుల్లోకి వలస పోయారు. తప్పు నాదే, అయినా ఉత్తరం తమరికే.

ఇక లెక్క. 30 అడుగుల పొడవు, 3 అడుగుల వెడల్పు, 2 అంగుళాల మందం: వెరసి 15 ఘనపుటడుగులు. ట్రాక్టర్ యూనిట్‌కి తక్కువ కదలదు. యూనిట్ అంటే 100. మిగతా 85 గేటు ముందు కొలువుదీరారు. దారిన పోయే ప్రతివాడూ "పై అంతస్తు వేస్తున్నారా?" అంటాడు. వీధికుక్క ఒకటి శిఖరాన కాపురం పెట్టింది. ఎవరైనా చీకట్లో రెండు తట్టలు ఎత్తుకుపోతుంటే కిటికీ చాటున నిలబడి మనసులోనే దీవిస్తున్నాను.

కలుపు రాకుండా తమ కింద గుడ్డ పరిచాం. గరిక తలవంచింది. తుంగ మాత్రం సూదిమొనతో గుడ్డని పొడుచుకుని లేచింది. పీకితే ఆకు చేతికొస్తుంది, గడ్డ లోపలే ఉంటుంది. బాదం ఆకులు ఊడుద్దామంటే ఆకులు కదలవు, తమరు చీపురు వెంట బయల్దేరతారు.

ధనుర్మాసం వచ్చింది. గేటు బయట తమ కుప్ప, గేటు లోపల తమరు. ముగ్గుగిన్నె పట్టుకుని మా అమ్మ నిలబడింది. "ఎక్కడ పెట్టమంటావురా, నీ నెత్తిమీదా?"

ఒక్క గుణం ఒప్పుకోవాలి. రాత్రిపూట ఎవరు అడుగేసినా కరకరమని చాటేస్తారు, దొంగ రాడు. ఇంతవరకూ పట్టుబడింది మాత్రం సిగరెట్టు కోసం చెట్టు కిందకెళ్లిన నేనే.

ఇట్లు,
తమ విధేయుడు, చెప్పులు లేకుండా పెరట్లోకి వెళ్లలేనివాడు

తా.క.: సముద్రపు గాలికి కాగితం ఎగిరిపోతుంటే తమలో ఒకర్ని తెచ్చి పైన పెట్టాను. ఈయనొక్కడే ఉన్నచోట ఉన్నాడు.