పెద్ద గడియారం దగ్గర ఎంతమంది ఉంటున్నట్టు?

నల్లగొండ ప్రకాశం బజార్ వెనక సందులో మా పెద్దమ్మ ఇల్లు. నా చిన్నతనంలో ఆ ఇంటికి రెండు అరుగులుండేవి. ఇప్పుడు ఆ జాగాలో మూడు షట్టర్లు: ఒకటి ఫ్యాన్సీ, ఒకటి సెల్‌ఫోన్ రిపేరు, ఒకటి మగ్గం వర్కు. పొద్దున పది దాటిందంటే ఆ మూడింట్లో పనిచేసేవాళ్లే ఎనిమిది మంది. రాత్రి తొమ్మిదికి షట్టర్లు దించాక మిగిలేది పెద్దమ్మ ఒక్కతే. జనాభా లెక్కలకు వచ్చినాయన రాసుకునేది కూడా అదే: ఒకరు.

2011 లెక్కల ప్రకారం పట్టణ జనాభా లక్షన్నరకు అటూ ఇటూ. ఆ ఏడాది ఫిబ్రవరి 9 నుంచి 28 దాకా ఇల్లిల్లూ తిరిగి, మార్చి 1 మొదలయ్యే అర్ధరాత్రిని ఆనవాలుగా పెట్టుకుని తేల్చిన సంఖ్య అది. అంటే మనిషిని లెక్కగట్టింది కాపురముండే చోట. దేశం మొత్తానికి అంతకన్నా సుళువైన పద్ధతి లేదు, ఒప్పుకుంటాను. కానీ పెద్ద గడియారం చుట్టూ ఉన్న నాలుగు బజార్లకు ఆ కొలత అస్సలు అతకదు.

2014 ఆగస్టు 19 గుర్తుందా? తెలంగాణ ప్రభుత్వం ఒక్కరోజులో ఇల్లిల్లూ తిరిగి ఇంట్లో ఉన్నవాళ్లను రాసుకున్న సమగ్ర కుటుంబ సర్వే నాడు రాష్ట్రమంతా సెలవు. హైదరాబాద్ రోడ్లు బోసిపోయాయి, ఊళ్లకొచ్చే బస్సుల్లో కాలు పెట్టే సందు లేదు. ఆ రోజు పెద్దమ్మ ఇంట్లో పదకొండు మంది. కొడుకులు, కోడళ్లు, మనవలు అంతా వనస్థలిపురం, ఎల్బీనగర్ నుంచి దిగారు. సాయంత్రం అన్నాలు తిని మళ్లీ బస్సెక్కారు. ఒకే ఇల్లు: ఒక లెక్కలో ఒకరు, ఇంకో లెక్కలో పదకొండు మంది. ఏదీ అబద్ధం కాదు.

పాత బజారు ఖాళీ అయిపోతోందని బాధపడేవాళ్లను చూస్తే నాకు కొంచెం నవ్వొస్తుంది. ఖాళీ అయింది రాత్రిళ్లే. కారు కొన్నవాడు గల్లీలో ఎక్కడ పెట్టుకోవాలో తెలియక పానగల్ వైపో, బైపాస్ దగ్గరో ప్లాటు కొనుక్కున్నాడు. పిల్లల చదువులకని పోయినవాడు హైదరాబాద్‌లోనే ఆగిపోయాడు. ఆ ఇళ్ల పై అంతస్తుల్లోకి డిగ్రీ పిల్లలు, ఉత్తరాది నుంచి పనికొచ్చిన కుర్రాళ్లు చేరారు. పెద్దమ్మ పక్కింటి రేకుల గదిలో ఫాల్స్ సీలింగ్ పనివాళ్లు నలుగురుంటారు. వాళ్ల రేషన్ కార్డు, ఓటు అన్నీ సొంతూళ్లోనే. 2016 అక్టోబరులో సూర్యాపేట, భువనగిరి వేరు జిల్లాలయ్యాక కలెక్టరేట్ పనికని అటునుంచి వచ్చేవాళ్లు తగ్గారు. బజారు మాత్రం తగ్గలేదు. మునుగోడు, కనగల్, తిప్పర్తి వాళ్లకు పెండ్లి బట్టలన్నా, పుస్తెలతాడన్నా ఇప్పటికీ ఇక్కడికే రావాలి.

అసలు చిక్కు ఏమిటంటే, నిధులు నడిచేది రాత్రి లెక్క మీద, అంటే కాపురముండేవాళ్ల లెక్క మీద. స్థానిక సంస్థల గ్రాంట్లను రాష్ట్రాలకు పంచేటప్పుడు కేంద్ర నిధుల పంపకాన్ని సూచించే 15వ ఆర్థిక సంఘం 90 శాతం వెయిటేజీ జనాభాకే ఇచ్చింది. ఆ జనాభా కూడా 2011 నాటిదే. నల్లా కనెక్షన్ నుంచి చెత్తబండి దాకా ఏది అంచనా వేయాలన్నా మనకు అలవాటైన లెక్క ఇంటికి ఎందరనే. పగలంతా బజార్లో తిరిగి నీళ్లు తాగి, చెత్త వేసి, మూత్రానికి చోటు వెతుక్కునే మనిషి ఆ పద్దులో ఎక్కడా ఉండడు. అతను తన ఊళ్లో ఎప్పుడో లెక్కకెక్కాడు. 2011లో ఉద్యోగానికి ఎంత దూరం పోతారని అడిగారు గానీ, చీరలు కొనడానికి ఎంత దూరం వచ్చావని ఎవరడుగుతారు?

ఈ భారం ఎక్కడో ఒకచోట పడాలి కదా, అది పెద్దమ్మ బాత్రూం మీద పడింది. మగ్గం వర్కు షాపుకు జాకెట్లు ఇవ్వడానికి వచ్చిన ఆడవాళ్లు గంటలకొద్దీ కూర్చుంటారు. షాపమ్మాయి మొహమాటంగా లోపలికి తొంగిచూస్తుంది, పెద్దమ్మ తలూపుతుంది. పెండ్లిళ్ల సీజనులో రోజుకు ఇరవై మందైనా వస్తారు. ఒక్క మనిషికి ఎక్కువైన నల్లా నీళ్లు మధ్యాహ్నానికే అయిపోతాయి. ఆమె రెండో డ్రమ్ము కొన్నది, తన డబ్బులతోనే.

కొత్త జనగణనకు 2027 మార్చి 1ని ఆనవాలు తేదీగా ప్రకటించారు. ఆ మాట చెప్తే పెద్దమ్మ అడిగింది: "ఎందరని రాయించాలె బిడ్డా, పండుకునేటోళ్లనా, నీళ్లు వాడేటోళ్లనా?"