ఒకే గాటన కట్టిన చేపలు

అమెరికాలోని ఆస్టిన్ నగరం నడిబొడ్డున ఉన్న లేడీ బర్డ్ సరస్సులో 33 అంగుళాలు, అంతకు మించి పొడవున్న కార్ప్ చేపను రోజుకు ఒక్కదానికి మించి తీసుకుపోరాదన్నది టెక్సాస్ రాష్ట్రం పెట్టిన నిబంధన. కనెక్టికట్ రాష్ట్రం కూడా కొన్ని జలాలను భారీ కార్ప్ చేపల కోసం ప్రత్యేకంగా గుర్తించింది. కార్ప్ అంటే మన కైకలూరు, ఆకివీడు చెరువుల్లో రోహు, బొచ్చెలతో కలిపి పెంచే బంగారు తీగే. మనకు ఇందులో విడ్డూరం కనిపించకపోవచ్చు గానీ, వందేళ్లకు పైగా ఆ చేప గాలానికి పడితే తిరిగి నీటిలో వదలడమే తప్పన్నట్టు చూసిన దేశంలో దానికి రక్షణ కల్పించే నిబంధన రావడం చిన్న మార్పు కాదు.

ఆ చేప అక్కడికి దొంగదారిన రాలేదు. పిలిచి పీట వేసింది ప్రభుత్వమే. స్థానిక చేపలు తరిగిపోతున్నాయన్న ఆందోళనతో 1871లో ఏర్పడిన అమెరికా మత్స్య కమిషన్, దాని అధిపతి స్పెన్సర్ బెయిర్డ్ చొరవతో, 1877లో జర్మనీ నుంచి 345 చేపలను తెప్పించి బాల్టిమోర్‌లోని డ్రూయిడ్ హిల్ పార్కు చెరువుల్లో వదిలింది. వాటి పిల్లలను రైళ్లలో ఊరూరా పంపింది. మా నియోజకవర్గానికీ కావాలని ప్రజాప్రతినిధులు పోటీపడ్డారు. 1883లో సుమారు 2,60,000 చేపలు పంచితే, 301 నియోజకవర్గాలకు గాను 298 నియోజకవర్గాలకు అవి చేరాయి. రాజకీయ పంపకాలు ఇంత సమానంగా జరగడం అరుదు.

మోజు ఇరవయ్యేళ్లు కూడా నిలవలేదు. బురద చెరువుల్లో పెరిగిన చేపకు మట్టి వాసన వచ్చింది, ముళ్లు ఎక్కువన్నారు, గట్లు తెగి నదుల్లో చేరిన చేప అడుగు మట్టిని కెలికి నీటిని చిక్కబరిచి మొక్కలను పెకలించింది. 1890ల చివరికి కమిషన్ పంపిణీ మానుకుంది. అప్పటి నుంచి కార్ప్ అంటే చట్టం భాషలో ‘రఫ్ ఫిష్’, జనం మాటలో చెత్త చేప. దీన్ని కేవలం అకారణ ద్వేషంగా కొట్టిపారేయలేం, ఎందుకంటే ఆ చేప చేసిన నష్టం నిజమే. అయితే ఆ ద్వేషంలో కొంత తిండి అలవాటుకూ, కొంత హోదాకూ సంబంధించినదన్నది కూడా అంతే నిజం. ట్రౌట్, బాస్ చేపలను పట్టడం పెద్దమనిషి వేడుకగా, కార్ప్ పట్టడం గతిలేనివాడి పనిగా చూసిన సమాజంలో, న్యూయార్క్, షికాగోల యూదు కుటుంబాలు పండుగలకు కోరి కొనుక్కున్న చేప వేటగాళ్ల దృష్టిలో మాత్రం చెత్తగానే మిగిలింది.

ఈ చూపు మారడానికి బ్రిటన్ నుంచి వచ్చిన పద్ధతులు ఒక కారణం. 1952లో రిచర్డ్ వాకర్ అనే వేటగాడు 44 పౌండ్ల కార్ప్‌ను పట్టి లండన్ జూకు అప్పగించిన దేశంలో ఆ చేపను పట్టడం ఒక విద్య. అక్కడి వేటగాళ్లు ఉడికిన మొక్కజొన్న గింజను గాలపు ముల్లుకు గుచ్చరు. ముల్లు వెనుక వేలెడు కూడా లేని సన్నని దారానికి కడతారు. నేల మీది మేతను పీల్చి చూసి, అనుమానం వస్తే ఉమ్మేయడం కార్ప్ నైజం. గింజను ఉమ్మబోయేసరికి ఖాళీగా ఉన్న ముల్లు పెదవికి తగులుకుంటుంది. ఒడ్డుకు చేర్చిన చేపను తడిపిన పరుపు మీద పడుకోబెట్టి, తూచి, ఫొటో తీసుకుని, తిరిగి నీటిలోకి పంపేస్తారు. 1993లో ఏర్పడిన కార్ప్ యాంగ్లర్స్ గ్రూప్ వంటి సంఘాలు ఈ మర్యాదలను అమెరికాలో పాదుకొల్పాయి. మరోవైపు మిషిగన్ సరస్సులో బీవర్ ద్వీపం చుట్టూ ఉన్న లోతులేని నీళ్లలో ఈకల ఎరతో కార్ప్‌ను వెంటాడే ఫ్లై వేటగాళ్లు, అది ట్రౌట్ కంటే జాగరూకమైనదనీ, బలమైనదనీ ఒప్పుకుంటున్నారు. డెన్వర్‌లో ట్రౌట్ పరిరక్షణ సంఘమే సౌత్ ప్లాట్ నది బాగు కోసం కార్ప్ పోటీ నిర్వహించి నిధులు పోగుచేయడం ఈ కథలో మాకు అన్నిటికన్నా ముచ్చటైన మలుపు.

ఈ మార్పును మేము స్వాగతిస్తున్నాం. పట్టిన ప్రాణిని గట్టున ఎండబెట్టి కుళ్లనివ్వడం ఏ పరిరక్షణా కాదు. కానీ చేపను గౌరవించడం వేరు, దానికి ప్రతి చెరువునూ రాసివ్వడం వేరు. ప్రపంచంలో మరెక్కడా సహజంగా లేని జూన్ సక్కర్ అనే చేప యూటా సరస్సులో నశించే దశకు చేరితే, 2009 నుంచి వలలు వేసి లక్షలాది కార్ప్ చేపలను తొలగించారు. ఆ పనికి నీటి యాజమాన్యం, జూన్ సక్కర్ చేపపిల్లల పెంపకం తోడయ్యాక 2021లో జూన్ సక్కర్‌ను అంతరించే ముప్పున్న జాబితా నుంచి ఒక మెట్టు కిందికి దించగలిగారు. అలాంటి చోట కార్ప్ అభిమానులు అడ్డు చెబితే అది మొండితనమే అవుతుంది. మిసిసిపీ, ఇల్లినాయ్ నదుల్లో పడవ చప్పుడుకు గాల్లోకి ఎగిరిపడే వెండి చేప (సిల్వర్ కార్ప్) సంగతి మరీ వేరు. నీటిలోని సూక్ష్మజీవులను వడకట్టి తినే ఆ చేప సాధారణంగా గాలానికి చిక్కదు. దాన్ని మహా సరస్సుల్లోకి రానివ్వకుండా షికాగో కాలువలో 2002 నుంచి విద్యుత్ అడ్డుకట్ట పనిచేస్తోంది, జనం తినడానికి ముందుకొస్తారని 2022లో ఇల్లినాయ్ దానికి ‘కోపీ’ అని కొత్త పేరూ పెట్టింది. 1959లో కోరి తెప్పించుకుని మన చెరువుల్లో పెంచుకుంటున్న వెండి చేపను మరో దేశం అలా అడ్డుకుంటోందంటే, మంచీ చెడూ చేపలో కాక, దాన్ని వదిలిన నీటిలో ఉన్నాయన్నమాట.

మా అభ్యంతరమల్లా ‘రఫ్ ఫిష్’ అన్న ఆ చట్టపు మాట మీదనే. దిగుమతి అయిన కార్ప్‌నూ, వేల ఏళ్లుగా ఆ నదులనే నమ్ముకున్న బఫెలో, సక్కర్, గార్ చేపలనూ అది ఒకే గాటన కట్టింది. చూడటానికి కార్ప్‌లాగే ఉండే బిగ్‌మౌత్ బఫెలో చేప గట్టిగా బతికితే పాతికేళ్లని నిన్నమొన్నటి దాకా అనుకునేవారు. చెవిలోని చిన్న రాయిని పల్చగా కోసి వలయాలు లెక్కపెట్టిన శాస్త్రజ్ఞులు, ఒక చేప వయసు 112 ఏళ్లని 2019లో తేల్చారు. రాత్రి పూట పడవకు దీపాలు కట్టుకుని విల్లంబులతో సాగించే వేటలో ఇలాంటి శతాధిక వృద్ధులు ఎన్ని కార్ప్‌ల లెక్కలో కలిసిపోయాయో ఎవరూ రాసిపెట్టలేదు. మిన్నెసోటా 2024లో చట్టం సవరించి స్థానిక జాతులను కార్ప్ నుంచి విడదీసింది. చాలా రాష్ట్రాల నిబంధనల పుస్తకాల్లో మాత్రం ఆ రెండూ ఇప్పటికీ ఒకే పేరు కింద, పరిమితి లేదన్న ఒకే మాట ఎదుట పక్కపక్కనే ఉన్నాయి.